మగవాళ్లు, హై హీల్స్: చెప్పులు చేసేవాడిగా నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

నేను హైదరాబాద్‌లో 18 ఏళ్లుగా ఆర్డర్ మీద చెప్పులు, షూస్ చేస్తున్నా. పెళ్లి జోళ్లు, డాన్స్ షూస్, పాదంలో ఇబ్బంది ఉన్నవాళ్లకి కొలత చెప్పులు, ఇవి ఎప్పటినుంచో ఉన్న పనే. కొన్నేళ్లుగా మగవాళ్లకి హీల్స్ కూడా చేస్తున్నా. ఫోన్ చేసేవాళ్లలో సగం మంది మొదటి మాట ఒకటే, "అన్నా, మా చెల్లికి హీల్స్ కావాలి, సైజు 9". నేను ఏమీ అడగను, సరే తమ్ముడూ, చెల్లిని ఒక తెల్ల కాగితం మీద నిలబడమని చెప్పి రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీసి పంపించు అంటా. ఒకబ్బాయి అలాగే పంపాడు, వారం తర్వాత షాపుకొచ్చి కౌంటర్ దగ్గర చాలాసేపు నిలబడి, నెమ్మదిగా "చెల్లికి కాదన్నా, నాకే" అన్నాడు. చెప్పు విప్పితే రెండు మడమల మీదా పాత పుండ్ల మచ్చలు, చిటికెనవేలు పక్కన ఆనెకాయ. ఆన్‌లైన్‌లో ట్రయల్ లేకుండా మూడు జతలు కొన్నాడంట, మూడూ ఇంట్లో తలుపేసుకుని ఓర్చుకుంటూ వేసుకున్నాడంట. ఆ కాళ్లని అలా చేసింది హీల్ కాదు, షాపులో కూర్చుని వేసుకుని చూడలేకపోవడం. అందుకే ఇదంతా రాస్తున్నా.

అపోహ: ఆడవాళ్ల హీల్స్‌లోనే ఒకటి రెండు సైజులు పెద్దవి తీసుకుంటే సరిపోతుంది.

నా దగ్గరకొచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ శాతం దీంతోనే. షూ ఏదైనా లాస్ట్ మీద తయారవుతుంది, అంటే పాదం ఆకారంలో ఉండే దిమ్మ, ఒకప్పుడు కొయ్యది, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్‌ది. లేడీస్ హీల్స్‌కి కంపెనీలు యూరప్ కొలతలో 37 లాంటి మధ్య సైజులో ఒక లాస్ట్ చేసి, మిగతా సైజులన్నీ దాన్నుంచే పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోతాయి, మన దగ్గర చాలా షాపుల్లో అవి 41 దగ్గర ఆగిపోతాయి. మగవాళ్ల పాదం పొడవొక్కటే ఎక్కువ కాదు, వేళ్ల మొదట్లో వెడల్పు ఎక్కువ, పాదం పైభాగం ఎత్తు ఎక్కువ. పొడవు చూసి కొంటే ముందు నొక్కేస్తుంది, ముందు వదులుగా ఉండాలని ఇంకా పెద్దది కొంటే మడమ జారిపోతుంది, మడమ జారితే పాదం ముందుకి దూసుకెళ్లి వేళ్లన్నీ మొనలో ఇరుక్కుంటాయి. హీల్‌లో పాదం ఎప్పుడూ వాలు మీద ఉంటుంది కాబట్టి చిన్న వదులు కూడా ఫ్లాట్ చెప్పులో కంటే బాగా ఎక్కువ బాధపెడుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 37 సైజు పాదంలో మడమ నుంచి వేళ్ల మొదలు దాకా సుమారు 16.5 సెంటీమీటర్లు ఉంటే 43 సైజులో అది 19 దాకా ఉంటుంది. అదే 10 సెంటీమీటర్ల హీల్ పెట్టామనుకోండి, చిన్న పాదానికి వాలు 37 డిగ్రీల దగ్గర, పెద్ద పాదానికి 32 దగ్గర, అంటే అయిదు డిగ్రీల తేడా. పెద్ద పాదం ఉన్నవాళ్లకి ఇది కలిసొచ్చే విషయమే, కానీ షూ లోపలి అరికాలి వంపు ఆ వాలుకి తగ్గట్టు ఉంటేనే. చిన్న పాదం వంపునే సాగదీసి పెద్ద షూలో పెడితే పాదం మధ్యలో ఆనదు, బరువంతా ముందు మునివేళ్ల మీద పడుతుంది. ప్లాట్‌ఫామ్, అంటే షూ ముందు భాగం కింద ఉండే మందం, కూడా లెక్కలోకి తీసుకోండి, ముందు 3 సెంటీమీటర్లు ఉంటే 10 హీల్ అసలు ఎత్తు 7 మాత్రమే.

అపోహ: మగవాడి బరువుకి హీల్ విరిగిపోతుంది.

సరిగ్గా చేస్తే విరగదు. సన్న హీల్ లోపల స్టీల్ కడ్డీ ఉంటుంది, అరికాలి కింద ఇన్సోల్‌లో షాంక్ అని స్టీల్ పట్టీ ఉంటుంది, హీల్‌ని లోపల్నుంచి స్క్రూతో, చుట్టూ మేకులతో బిగిస్తాం. చవక జతల్లో ఆ షాంక్ సన్నగా ఉంటుంది, స్క్రూ బదులు సొల్యూషన్ జిగురు మీద నమ్మకం పెట్టుకుంటారు, అవి ఎవరు వేసుకున్నా ఊడతాయి. కొనేముందు షూని బల్ల మీద పెట్టి వెనక నుంచి హీల్‌ని వేలితో పక్కలకి నొక్కండి, ఊగితే వదిలేయండి. తర్వాత అరికాలు మధ్యలో బొటనవేలితో గట్టిగా అదమండి, అక్కడ వంగితే షాంక్ బలహీనంగా ఉందని అర్థం. 80 కిలోలు దాటినవాళ్లు మొదటి జత బ్లాక్ హీల్, అంటే దిమ్మలా వెడల్పుగా ఉండే హీల్, తీసుకోండి, నేల మీద ఆనే చోటు ఎక్కువ కాబట్టి చీలమండ తిరగబడే భయం తగ్గుతుంది.

అపోహ: హీల్స్ పుట్టిందే ఆడవాళ్ల కోసం, మగవాళ్లు ఇప్పుడు కాపీ కొడుతున్నారు.

ఇది పూర్తిగా తిరగబడిన చరిత్ర. పర్షియాలో, అంటే ఇప్పటి ఇరాన్‌లో, గుర్రపు రౌతులు వేసుకున్నారు హీల్స్, రికాబులో కాలు జారకుండా హీల్ తగులుకుంటుంది, అప్పుడు రౌతు లేచి నిలబడి బాణం వేయగలడు. 1599లో పర్షియా రాజు షా అబ్బాస్ పంపిన రాయబారులు యూరప్‌కి బయలుదేరారు, ఆ కాలంలోనే అక్కడి దొరలకి పర్షియా మోజు పట్టుకుంది, హీల్స్ మగతనానికి గుర్తుగా మొదలయ్యాయి. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ఎర్ర హీల్స్ వేసుకుని నిలబడ్డ 1701 నాటి పెయింటింగ్ ఫోన్‌లో తెరిచి కస్టమర్లకి చూపిస్తుంటా, ఆ పిక్కల నిలుపు చూడండి. 1740ల నాటికి యూరప్ మగవాళ్లు వదిలేశారు, హీల్ ఆడవాళ్లదని పేరు ఆ తర్వాత స్థిరపడింది. టొరంటోలోని బాటా షూ మ్యూజియం 2015లో మగవాళ్ల హీల్స్ మీదే ఒక ప్రదర్శన పెట్టింది. కౌబాయ్ బూట్లకి హీల్ ఉంది, ఫ్లమెంకో డాన్స్ చేసే మగవాళ్ల షూస్‌కి ఉంది. అంతెందుకు, 1970ల్లో బెల్‌బాటమ్ ప్యాంట్ల కింద మన కుర్రాళ్లు వేసుకున్న దిట్టమైన హీల్ బూట్లు మా నాన్న ఎన్ని జతలు కుట్టాడో.

అపోహ: హీల్స్ వేసుకున్నాడంటే గే అయ్యుంటాడు, లేదా ఆడదానిగా మారాలనుకుంటున్నాడు.

ఎవరిని ఇష్టపడతారనేది ఒకటి, తనని తాను ఏమనుకుంటారనేది ఇంకొకటి, కాలికి ఏం వేసుకుంటారనేది మూడోది. మార్క్ బ్రయన్ అని జర్మనీలో స్థిరపడ్డ అమెరికన్ ఇంజనీర్ ఉన్నాడు, ఆఫీసుకి స్కర్టు, హీల్స్‌తో వెళ్లేవాడు, పెళ్లయి భార్యతో హాయిగా ఉన్నానని, ఇది తన స్టైల్ మాత్రమేనని ఇంటర్వ్యూల్లో చెప్పాడు. నా కస్టమర్లలో పెళ్లయినవాళ్లున్నారు, గే కుర్రాళ్లున్నారు, ట్రాన్స్ అక్కలున్నారు, డాన్సర్లున్నారు. ఎవరైనా కాలు కొలిచే పద్ధతి ఒకటే, వాళ్లకిచ్చే గౌరవమూ ఒకటే.

అపోహ: అలా రోడ్డు మీదకొస్తే పోలీసులు పట్టుకుంటారు.

హీల్స్ వేసుకోకూడదని మగవాళ్లకి ఏ చట్టమూ లేదు. ఈ భయానికి మన ఊళ్లో ఒక మూలం మాత్రం ఉంది, నిజాం కాలంలో 1919లో హిజ్రాల మీద తెచ్చిన ఒక చట్టం, ఆడవాళ్ల బట్టలు, నగలతో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండానే అరెస్ట్ చేయొచ్చని అందులో ఉండేది. దాన్ని రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. అన్నేళ్లు ఆ బరువు మోసింది హిజ్రాలు, అది మర్చిపోకూడదు.

అపోహ: ఎత్తు తక్కువని దిగులుపడేవాళ్లే వేసుకుంటారు.

ఆరడుగుల వాళ్లకి కూడా చేశా. ఎత్తు కోసమే అయితే షూ లోపల కనబడకుండా లిఫ్ట్ పెట్టించుకుంటారు, పెళ్లిళ్ల సీజన్‌లో పెళ్లికొడుకులకి ఎన్నో చేస్తా, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. అదే ఎత్తు బయటికి కనబడితే మాత్రం ఎందుకంత గొడవో నాకు ఇన్నేళ్లైనా అర్థం కాదు. హీల్స్ ఇష్టపడేవాళ్లు చెప్పేది వేరే, నడుము నిటారుగా ఉంటుంది, అడుగు చప్పుడు బాగుంటుంది, ప్యాంట్ పడే తీరు నచ్చుతుంది అని.

అపోహ: అలవాటైతే ఏమీ కాదు. దీనికి కవల, హీల్స్ వేస్తే కాళ్లు పోతాయి.

రెండూ తప్పే. ఏళ్ల తరబడి రోజంతా ఎత్తు హీల్స్‌లో ఉండేవాళ్లకి పిక్క కండరం పోగులు పొట్టిబారి, మడమ వెనక స్నాయువు గట్టిపడుతుంది, దీని మీద 2010లో అధ్యయనం కూడా వచ్చింది. వారానికి రెండు మూడు సార్లు, రెండు మూడు గంటలు అంటే వేరే లెక్క. మొదటి జత 5 సెంటీమీటర్లు దాటొద్దు, పట్టీ చీలమండ చుట్టూ ఉండేది తీసుకోండి, అడుగు చిన్నదిగా వేయండి, విప్పాక గోడకి చేతులానించి పిక్కలు సాగదీయండి. సాయంత్రం కొలతలివ్వండి, పొద్దున కంటే పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, రెండు పాదాలూ కొలవాలి, నిలబడే కొలవాలి. షుగర్ ఉండి అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం డాక్టర్‌కి పాదాలు చూపించకుండా నా దగ్గరకి రావొద్దు, పుండు పడినా తెలియదు మీకు.

ఇందాక చెప్పిన ఆ అబ్బాయికి 6 సెంటీమీటర్ల బ్లాక్ హీల్‌తో నల్ల ఆంకిల్ బూట్లు చేసిచ్చా, ముందు భాగం వెడల్పు చేసి, మడమ దగ్గర లోపల మెత్త తోలు వేసి. పోయిన నెల వచ్చాడు హీల్ కింది రబ్బరు టిప్స్ మార్చమని. తీసి చూస్తే వెనక అంచు, బయటి వైపు, రబ్బరు ఏటవాలుగా అరిగిపోయి ఉంది, గది తలుపేసుకుని నడిస్తే అలా అరగదు, తారు రోడ్డు మీద బాగా తిరిగితేనే అరుగుతుంది. పావుగంటలో మార్చిచ్చా, అక్కడే కూర్చుని వేసుకుని వెళ్లాడు.