వేరు రంగు చూసి నీళ్ళు పోయండి

"కానుకగా వచ్చిన ఆర్కిడ్ రెండు నెలలకు పైగా పూసింది. పూలు రాలాక ఆకులు మెత్తబడి ముడతలు పడుతున్నాయి. రోజూ నీళ్ళు పోస్తున్నా తేరుకోవడం లేదు. పైగా వేళ్ళు కుండీ దాటి గాల్లోకి వస్తున్నాయి. కత్తిరించెయ్యనా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

కత్తిరించకండి. ఆ మొక్కను ఇంకా బతికిస్తున్నవి బహుశా ఆ వేళ్ళే.

కొత్తగా పెంచేవాళ్ళ ఇంట్లో ఉండేది చాలావరకు ఫెలినాప్సిస్ అనే ఆర్కిడ్. చిమెటలా ఉంటుందని ఆ పేరు. అడవిలో ఇది మట్టిలో మొలవదు, చెట్టు కొమ్మను పట్టుకుని బతుకుతుంది. అందుకే దీన్ని బదనిక అనుకుని, చెట్టును పీల్చేస్తుందని భయపడేవాళ్ళున్నారు. వాండా అనే మరో ఆర్కిడ్ పేరు కూడా సంస్కృతంలో బదనికను చెప్పే 'వందా' నుంచే వచ్చింది. కానీ బదనిక చెట్టు లోపలికి వేరు దించి దాని నీళ్ళు లాక్కుంటుంది. ఆర్కిడ్ వేరు బెరడును పైపైన అంటుకుని ఉంటుంది, అంతే. ఆ చెట్టు సొమ్ము ఒక్క చుక్క ముట్టదు.

మరి నీళ్ళెలా? వాన పడినప్పుడు కొమ్మ మీద నుంచి జారే నీళ్ళే దానికి ఆధారం. అవి నిమిషాల్లో జారిపోతాయి. ఆ కాసేపట్లోనే పట్టుకోవడానికి వేరు చుట్టూ ఒక తొడుగు ఉంది. దాని పేరు వెలమెన్. ఆ కణాలన్నీ చచ్చిపోయినవే, లోపల గాలి తప్ప ఏమీ లేదు. చనిపోయిన కణాలతో వేరు తనకో స్పాంజి కట్టుకుందన్నమాట. 'వెలమెన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది' అని మనం పరీక్షల కోసం బట్టీ పట్టాం. అది సగం తప్పు. గాలిలోని ఆవిరిని పీల్చి మొక్కను బతికించేంత శక్తి దానికి లేదు, చుక్కలుగా నీళ్ళు తగలాల్సిందే. ఈ ఒక్క వాక్యాన్ని సరిగ్గా చెబితే ఎన్నో మొక్కలు బతుకుతాయి.

ఇప్పుడు ఒక పని చెయ్యండి. బాగా ఎండిన వేరును వెలుతురులో చూడండి, వెండిలా తెల్లగా ఉంటుంది. దాని మీద ఒక్క చుక్క నీళ్ళు వెయ్యండి. చుక్క పడినచోట చూస్తుండగానే ఆకుపచ్చ మచ్చ తేలి, అటూ ఇటూ పాకుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు.

ఆ పచ్చదనం నీళ్ళతో వచ్చింది కాదు, ముందు నుంచీ లోపల ఉన్నదే. ఆర్కిడ్ వేరులో పత్రహరితం ఉంటుంది. వెలమెన్ ఎండి ఉన్నప్పుడు కణాల గోడలకూ వాటి మధ్య గాలికీ వక్రీభవన గుణకంలో, అంటే వెలుతురును వంచే తీరులో, చాలా తేడా ఉంటుంది. వెలుతురు ప్రతి గోడ దగ్గరా వంగి, చెదిరి, వెనక్కి వచ్చేస్తుంది, కాబట్టి మనకు తెలుపు కనిపిస్తుంది. గాలి చోట నీళ్ళు నిండితే ఆ తేడా బాగా తగ్గి వెలుతురు లోపలిదాకా పోతుంది. తెల్ల చొక్కా తడిస్తే ఒళ్ళు కనబడేది, కాగితం మీద నూనె పడితే వెనక అక్షరాలు కనబడేది, నురగ తెల్లగా ఉండి అది విరిగాక నీళ్ళు నీళ్ళలాగే కనబడేది, అన్నీ ఈ కారణంతోనే. అంటే వేరు రంగు ఆ తొడుగులో నీళ్ళున్నాయా గాలి ఉందా అన్నది చెప్పే మీటరు. తడిసిన వేరును ఇంకా దగ్గరగా చూస్తే అక్కడక్కడ సన్నటి తెల్ల చారలు మిగిలి ఉంటాయి. అవి తడవవు. చుట్టూ నీళ్ళు నిండినా లోపలి కణాలకు గాలి అందడానికి వేరు ఉంచుకున్న కిటికీలవి.

పాఠకురాలి మొక్కకు వచ్చిన కష్టం ఇక్కడే ఉంది. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా పాకుతుంది. రోజూ నీళ్ళు పోస్తే తొడుగు ఎప్పుడూ నిండే ఉంటుంది, ఆ సన్నటి కిటికీలు చాలవు, లోపలి కణాలకు ఊపిరాడదు. వేరు కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు కాబట్టి ఆకు వాడుతుంది. ఆకు వాడిందని టెన్షన్ పడి మనం ఇంకా పోస్తాం. నా మొదటి ఆర్కిడ్ ఇలాగే పోయింది. కుండీలోంచి తీసి వేరు పట్టుకుంటే తొడుగు తడి కాగితంలా చేతికి ఊడొచ్చింది, లోపల సన్నటి దారం ఒక్కటే మిగిలింది.

కాబట్టి మీ మొక్కను బయటికి తీయండి. నొక్కితే మెత్తగా ఉన్న వేళ్ళను శుభ్రమైన బ్లేడుతో తీసేసి, గట్టిగా ఉన్నవాటిని ఉంచండి. మట్టి వద్దు. బెరడు ముక్కలు వేసి, అడుగున చిల్లులున్న ప్లాస్టిక్ కుండీలో పెట్టండి. కుండీ పారదర్శకంగా ఉండాలి, మన మీటరు కనబడాలి కదా! లోపలి వేళ్ళు తెల్లబడ్డాక ఒక ఉదయం కుండీ అంతా తడిసేలా ధారగా పోసి, నీళ్ళన్నీ కారిపోనివ్వండి. ఆకుల మధ్య గుంటలో నీళ్ళు నిలిస్తే దూదితో అద్దేయండి. ఎన్ని రోజులకోసారి అని నన్ను అడగొద్దు, వేరును అడగండి. బయటి వేళ్ళు ముందే ఆరిపోతాయి, వాటిని చూసి మోసపోవద్దు.

కొత్తగా కొనేవాళ్ళు కూడా పూల కంటే ముందు కుండీ ఎత్తి వేళ్ళు చూడండి. తూర్పు కిటికీ వెలుతురు బాగా సరిపోతుంది. ఆకు ముదురు పచ్చగా మారితే వెలుతురు చాలడం లేదని, పసుపు తిరిగితే ఎక్కువైందని గుర్తు. వాండా మీద మోజున్నా మొదటి మొక్కగా వద్దు, దానికి చాలా ఎండ కావాలి. ఫెలినాప్సిస్‌ను పగలూ రాత్రీ 28 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచితే ఆకులు వేస్తూ పోతుంది గానీ పూల కాడ వెయ్యదు. కొన్ని వారాలు 25 డిగ్రీల లోపు చల్లదనం తగిలితే ఆకు మొదట్లోంచి ఒక మొన బయటికి వస్తుంది. అది గుండ్రంగా, నున్నగా మెరుస్తుంటే ఇంకో వేరు. కాస్త చదునుగా, ఒక పక్క చిన్న బొటనవేలు పొడుచుకొచ్చినట్టుంటే అది పూల కాడ.