మండల విలేకరికి డబ్బులు ఎక్కడి నుంచి వచ్చేవి?

తెలుగులో పత్రిక, ప్రకటన మొదటి నుంచీ కలిసే నడిచాయి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఆ మందును ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. వ్యాపారం నిలదొక్కుకున్నాక 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చి, 1914లో మద్రాసుకు మార్చి దినపత్రిక చేశారు. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు జాతీయోద్యమ వార్తలకు పెట్టుబడి అయింది. చందాలతోనే పత్రిక గట్టెక్కదన్న సంగతి మనకు అప్పటి నుంచీ ఉన్నదే.

ఇప్పుడు జిల్లా పేజీలు ఎందుకు సన్నబడ్డాయి, మండల విలేకరి ఎందుకు కనబడటం లేదు అని అడిగేవాళ్లు ముందు ఈ డబ్బుల దారి చూడాలి.

1970ల మొదట్లో విశాఖపట్నంలో తెలుగు దినపత్రిక చేతికి వచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది. విజయవాడలో అచ్చయిన కాపీలు రైల్లో రావాలి మరి. 1974 ఆగస్టు 10న రామోజీరావు విశాఖలోనే ఈనాడు ప్రారంభించి, తెల్లవారేసరికి గుమ్మంలో పేపరు పడేలా చేశారు. అసలు మార్పు మాత్రం 1989లో జిల్లా ఎడిషన్లతో వచ్చింది. మెయిన్ పేపరు మధ్యలో చిన్న సైజు పేజీలు, వాటి నిండా ఆ జిల్లా సంగతులే. తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. 2008లో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో మొదలైందంటే, అప్పటికి స్థానిక వార్త ఎంత పెద్ద మార్కెట్ అయిందో ఊహించుకోవచ్చు.

ఆ జిల్లా పేజీలను పోషించింది చిన్న ఊళ్ల దుకాణాలు. మెయిన్ పేజీలో ప్రకటన వేయాలంటే చాలా జిల్లాలకు కలిపి రేటు కట్టాలి. నంద్యాలలో చీరల షాపు వాళ్లకు ఎక్కడో వేరే జిల్లా పాఠకుడితో ఏం పని? జిల్లా పేజీలో కాలమ్ సెంటీమీటర్ రేటు వాళ్లకు అందుబాటులో ఉండేది. కొత్త షోరూమ్, నర్సింగ్‌హోమ్, ట్యుటోరియల్ కాలేజీ, రియల్ ఎస్టేట్ వెంచర్, ఉగాదికి నాయకుడి శుభాకాంక్షలు, పెద్దాయన వర్ధంతి... అన్నీ అక్కడికే చేరాయి. ఆ డబ్బుతోనే మండలానికొక కంట్రిబ్యూటర్‌ను, అంటే మండల విలేకరిని, పెట్టగలిగారు.

కంట్రిబ్యూటర్‌కు చాలాచోట్ల జీతం ఉండేది కాదు. అచ్చయిన వార్త కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్, తెచ్చిన ప్రకటనల మీద కమిషన్, అంతే. పొద్దున తహసీల్దారు ఆఫీసు, పోలీస్ స్టేషన్, ఆసుపత్రి చుట్టి రావాలి. సాయంత్రం బస్సుకు కవరు పంపాలి. ఫ్యాక్సు వచ్చాక ఆ బస్సు పరుగు తప్పింది.

ఇంత తక్కువ డబ్బుతో నడిచిన ఏర్పాటే అయినా అది చేసిన పని చిన్నది కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. ముందు వరుసలో ఉన్న రోసమ్మ పేరు తర్వాత రాష్ట్రమంతా వినిపించింది. ఒక ఊరి గొడవగా మొదలైన విషయాన్ని జిల్లా పేజీలు పక్క ఊరికి, పక్క మండలానికి రోజూ మోశాయి. ఆ ఊళ్లోనూ దుకాణం మూతపడింది, అదీ వార్త అయింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఉద్యమం ఆ ఆడవాళ్లదే. ఎక్కడెక్కడ ఏం జరుగుతోందో వాళ్లకు ఒకరి గురించి ఒకరికి తెలియజేసింది మాత్రం ఆ పేజీలే.

ఇదే ఏర్పాటుకు మరో ముఖం కూడా ఉంది. వార్త రాసే మనిషే ప్రకటనా తేవాలి. పంద్రాగస్టు వస్తోందంటే విలేకరికి టార్గెట్, టెన్షన్. నిన్న ఎవరి ఆసుపత్రి మీద రాశాడో ఈ రోజు వాళ్లనే యాడ్ అడగాలి. దానివల్ల ఎన్ని వార్తలు రాయకుండా ఆగిపోయాయో లెక్క లేదు. డిజిటల్ వచ్చి స్వచ్ఛమైన వ్యవస్థను పాడుచేసిందని నేను అనను. లోపం లోపలే ఉంది, డబ్బులు వస్తున్నంతకాలం కప్పబడి ఉంది.

డబ్బులకు మొదటి చిల్లు ఫేస్‌బుక్ కంటే చాలా ముందే పడింది. పెళ్లి సంబంధాలు, ఉద్యోగాలు, అద్దె ఇళ్ల చిన్న ప్రకటనలు (క్లాసిఫైడ్స్) వెబ్‌సైట్లకు వెళ్లిపోయాయి. పదో తరగతి ఫలితాల రోజు గుర్తుందా? చీమ తలకాయంత అక్షరాల్లో హాల్‌టికెట్ నంబర్లు, ఒక్క పేపరు చుట్టూ పది మంది పిల్లలు. మనబడి లాంటి సైట్లు వచ్చాక ఆ పేపర్ల అవసరమే పోయింది. ప్రభుత్వ టెండర్లు కూడా 2003 నుంచి ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లోకి మళ్లడం మొదలైంది.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక దెబ్బ సూటిగా తగిలింది. డేటా దాదాపు ఉచితమైంది, వీడియో పల్లెకు చేరింది. చీరల షాపు యజమాని ఇప్పుడు తన ఊరి చుట్టూ పది కిలోమీటర్లు, ఆడవాళ్లు, ఫలానా వయసు అని ఎంచుకుని ఫోన్లోంచే ప్రకటన వేసుకుంటాడు. ఎంతమంది చూశారో రాత్రికల్లా తెలుస్తుంది. కౌంటరు దగ్గర ఫోను స్టాండుకు పెట్టి లైవ్‌లో ఒక్కో చీరా విప్పి చూపిస్తుంటే, నచ్చినవాళ్లు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేస్తారు. డల్లాస్‌లో ఉన్న ఊరి ఆడపడుచు కూడా కొంటుంది. జిల్లా పేజీ ఏ రోజూ ఇవ్వలేనిది ఇది. ఆ వ్యాపారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ అతని డబ్బు ఫేస్‌బుక్, వాట్సాప్‌ల యజమాని మెటాకో గూగుల్‌కో చేరిన తర్వాత అందులోంచి అతని మండలంలో విలేకరికి పైసా రాదు.

2020 మార్చిలో కరోనా మిగిలిన పని పూర్తి చేసింది. పేపరు ముట్టుకుంటే వైరస్ వస్తుందని జనం మాన్పించారు, షాపులు మూతపడి ప్రకటనలు ఆగాయి. చాలా పత్రికలు చిన్న సైజు జిల్లా పేజీల విడి టాబ్లాయిడ్లు ఆపేసి జిల్లా వార్తలను మెయిన్‌లోనే కొద్ది పేజీలకు కుదించాయి. నెలకొక నవలను ఇంటికి తెచ్చిన చతుర, దేశదేశాల కథలు తెచ్చిన విపుల అచ్చు మానేసి ఆన్‌లైన్‌కు మారాయి. 1978లో మొదలైన ఆ పత్రికలు 2021లో అక్కడా ఆగిపోయాయి. కొత్త రచయితలకు అవి పెద్ద వేదిక. ఆ లోటు నాకు ఇప్పటికీ బాధే.

ఊరి సంబంధాలు తెగిపోయాయా అంటే లేదు, చిక్కబడ్డాయి. ప్రతి ఊరికీ వాట్సాప్ గ్రూపు ఉంది. కరెంటు కోత, కుళాయి వేళలు, చావు కబురు, దుబాయ్‌లో ఉన్నవాళ్లకు కూడా నిమిషంలో తెలుస్తాయి. పోయింది ఏమిటంటే, అచ్చయ్యే ముందు ఎస్సైకి ఫోన్ చేసి కనుక్కునే మనిషి. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాకి, అమాయకులు దెబ్బలు తిన్నారు, ప్రాణాలూ పోయాయి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను పల్లెలకు పంపించారు, ఊరి గ్రూపుల్లో చేర్పించారు, పాటలు కట్టించి పాడించారు, టముకు వేయించారు. ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ కాకుండా పరిమితి పెట్టింది. గద్వాలలో చేసిన పని మనుషులది. దానికి జీతాలు ప్రభుత్వం ఇచ్చింది కాబట్టి జరిగింది.

ఖాళీని కొంతవరకు యాప్‌లు పూడుస్తున్నాయి. ఎస్సెమ్మెస్‌లతో మొదలైన సంస్థ నుంచి వచ్చిన వే2న్యూస్, 2018లో తెలుగుతోనే ప్రారంభమైన ‘లోకల్’ అనే యాప్ మండలం దాకా వెళ్లాయి. లోకల్‌లో వార్తలతో పాటు ఉద్యోగాలు, పెళ్లి సంబంధాలూ ఉంటాయి. పాత జిల్లా పేజీ లెక్కే మళ్లీ ఫోన్లోకి వచ్చిందన్నమాట.

పెద్ద పత్రికలు మాత్రం ప్రకటనల డబ్బులో తమ వాటా కోసం గూగుల్‌తో తలపడుతున్నాయి. ఈనాడు కూడా సభ్యత్వం ఉన్న డిజిటల్ న్యూస్ పబ్లిషర్స్ అసోసియేషన్ ఫిర్యాదు మీద, మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 2022 జనవరిలో గూగుల్‌పై విచారణకు ఆదేశించింది. వార్తలకు ఈ కంపెనీలు పత్రికలకు డబ్బు కట్టాలని కెనడాలో చట్టం తెస్తే 2023 ఆగస్టులో మెటా అక్కడ వార్తలనే ఆపేసింది, గూగుల్ ఏటా 10 కోట్ల కెనడియన్ డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. రేపు మన దగ్గరా అలాంటి ఒప్పందం కుదిరిందనుకుందాం. ఆ డబ్బు పత్రికల కేంద్ర కార్యాలయాలకు వస్తుంది. అందులో మండల విలేకరి వాటా ఎంతో ముందే రాసుకోకపోతే, అతనికి మళ్లీ లైన్ అకౌంటే మిగులుతుంది.