కాలికి రాడ్ వేశాక మంచం దిగకూడదా? అపోహలు – వాస్తవాలు

"రాడ్ వేశారు సార్, మూడు నెలలు కాలు కింద పెట్టకూడదంట." ఈ వారంలోనే మూడుసార్లు విన్నాను. ఎవరు చెప్పారని అడిగితే డాక్టరు కాదు, పలకరించడానికొచ్చిన చుట్టాలు! విశాఖలో ఫిజియోథెరపిస్టుగా నేను చూసినంతలో, మోకాలి కింది ఎముక విరిగినవాళ్లని ఎక్కువగా దెబ్బతీసేది ఈ మాటే.

మోకాలి దగ్గర కోత పెట్టి, ఎముక మధ్యలో మూలుగ ఉండే గొట్టంలోకి రాడ్ దించి, పైనా కిందా స్క్రూలు బిగిస్తారు. ఎముక అతికేదాకా బరువు రాడ్, ఎముక రెండూ కలిసి మోస్తాయి, మోతాదుగా పడే బరువు అతకడానికి సాయమే చేస్తుంది. చీలమండకి దగ్గరగా విరిగితే మాత్రం జాగ్రత్త కావాలి. అక్కడ గొట్టం వెడల్పవుతుంది కాబట్టి రాడ్‌కి పట్టు తక్కువ, చుట్టూ కండ ఉండదు, అతకడానికి 4 నుంచి 6 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకే ఎంత బరువు, ఎప్పటి నుంచి అన్నది ఎక్స్‌రే చూసిన సర్జనే చెప్పాలి. కానీ బరువు మోపొద్దంటే కదపొద్దని కాదు! ప్రత్యేకంగా వద్దంటే తప్ప మోకాలు, చీలమండ, వేళ్లు ఆపరేషన్ మర్నాటి నుంచే ఆడించాలి.

గాజువాక నుంచి ఒకబ్బాయిని 10 వారాలకి తీసుకొచ్చారు. వాకర్‌తో కొద్దిగా బరువు మోపుతూ నడవాలని డిశ్చార్జి కాగితంలో రాసే ఉంది. వాళ్లమ్మ భయంతో బాత్రూమ్‌కి కూడా దించలేదు. పిక్క కరిగిపోయింది, పాదం కిందికి వాలి బిగుసుకుపోయి మడమ నేలకి ఆనట్లేదు. "రాడ్ వంగిపోద్దేమో అని బాబూ" అంటూ ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఆవిణ్ణి ఏమనగలం? కొత్త ఎక్స్‌రే చూసి సర్జన్ 20 కిలోలు మోపచ్చన్నారు. బరువు చూసే మిషన్ మీద, మడమ కింద తువ్వాలు మడిచిపెట్టి కాలు మోపించాను. ముల్లు 5 దగ్గరే ఆగిపోయింది, వాడికి చెమటలు. నాలుగో రోజుకి 20 తాకింది.

గుడ్డు, పప్పు, మాంసం తింటే చీము పడుతుందన్నది అపోహే, ఎముకకి అవే కావాలి. మానాల్సింది సిగరెట్టు, చుట్ట. ఇబ్బంది లేకపోతే రాడ్ తీయించక్కర్లేదు. సాయంత్రానికి పాదం వాచడం కొన్ని నెలలు మామూలే, ఎత్తులో పెట్టుకుంటే తగ్గుతుంది. కానీ పిక్క హఠాత్తుగా వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా నూనె మర్దనాలు పెట్టుకోకండి, అర్ధరాత్రయినా కేజీహెచ్ (విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీ తెరిచే ఉంటుంది.