ఎర్గోస్టెరాల్‌కీ కొలెస్టెరాల్‌కీ మధ్య కిడ్నీ

"కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి రక్తంలో ఫంగస్ చేరితే మందు ఎంచుకోవడం ఎందుకంత కష్టం?" అని ఒక పాఠకురాలు అడిగారు.

చుట్టరికం వల్ల. బడిలో బూజునూ పుట్టగొడుగులనూ మొక్కల పాఠంలో కలిపేస్తారు, అది పోవాల్సిన అలవాటు. ఫంగస్ మొక్కల కంటే మనకే దగ్గరి బంధువు. బ్యాక్టీరియాలో మనకు లేని భాగాలు బోలెడు కాబట్టి గురి పెట్టడం తేలిక. ఫంగస్‌లో అలాంటివి కొన్నే.

వాటిలో ఒకటి ఎర్గోస్టెరాల్. మన కణాల పొరలో కొలెస్టెరాల్ చేసే పనే ఫంగస్‌లో ఇది చేస్తుంది. రెండూ ఇంచుమించు ఒకే అచ్చు. ఎర్గోస్టెరాల్‌కి రెండు ద్విబంధాలు, ఒక మిథైల్ గుంపు ఎక్కువ, అంతే! ఫంగస్‌ను చంపే ఆంఫోటెరిసిన్-బి అనే మందు పనితనమంతా ఆ తేడా మీదే నిలబడింది. 1950లలో ఒరినోకో నది ప్రాంతపు మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా నుంచి తీసిన మందు ఇది. పొరకు రంధ్రాలు చేసి చంపుతుందని చాలాకాలం అనుకున్నారు. స్పాంజి నీళ్లు పీల్చినట్టు పొరలోని ఎర్గోస్టెరాల్‌నే లాగేస్తుందని 2014లో చూపించారు.

కానీ కొలెస్టెరాల్‌నూ కొంచెం పట్టుకుంటుంది. ఆ కొంచెమే కిడ్నీ నాళికల్లో బయటపడుతుంది: పొటాషియం, మెగ్నీషియం మూత్రంలో పోతాయి. వడపోతకు రక్తం తెచ్చే సన్నని ధమని బిగుసుకుని, కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం క్రియాటినిన్ రక్తంలో పెరుగుతుంది. మందుకు ముందు సెలైన్ ఎక్కించేది ఈ దెబ్బ తగ్గించడానికే.

నాకు ఎంతో ముచ్చటగా అనిపించేది లైపోసోమ్. 100 నానోమీటర్ల లోపు కొవ్వు బుడగ, దాని పొరలో మందు. ఆ పొరలో కొలెస్టెరాల్ కూడా కలుపుతారు, మందు అక్కడే కుదురుగా ఉంటుంది. ఫంగస్ తగలగానే ఎర్గోస్టెరాల్ వైపు జారుకుంటుంది. పాత రూపంలో కిలో బరువుకు 1 మి.గ్రా. దగ్గర ఆగేవాళ్లు, ఇందులో 3 నుంచి 5 మి.గ్రా. ఇస్తున్నారు. రక్తపరీక్షలు మాత్రం తప్పవు.

కిడ్నీ పేషెంట్ అంటే ప్రతి మందూ సగమే ఇవ్వాలనుకోవడం ప్రమాదం. ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు ఎక్కువగా మూత్రంలోనే పోతుంది కాబట్టి మొదటి పెద్ద డోసు తర్వాత తగ్గిస్తారు. అదే కుటుంబపు వొరికొనజోల్ సంగతి వేరు. మందును లివరే చూసుకుంటుంది, ఇంజెక్షన్‌లో దాన్ని కరిగించే సైక్లోడెక్స్‌ట్రిన్ మాత్రం కిడ్నీ పనిచెయ్యకపోతే ఒంట్లో పేరుకుంటుంది. మాత్రలో అది ఉండదు. ఎకినోకాండిన్లు అనే మరో రకం మందులు, మనకు లేని గ్లూకాన్ (ఒక రకం చక్కెర గొలుసు) గోడను ఫంగస్ కట్టుకోకుండా ఆపుతాయి, డయాలిసిస్‌లో ఉన్నా పూర్తి డోసే. రక్తంలో చేరే కాండిడా అనే ఫంగస్‌కి మొదటి ఎంపిక ఇవే. మ్యూకార్, క్రిప్టోకాకస్ అనే ఫంగస్‌ల మీద ఇవి పనిచెయ్యవు. అక్కడ కిడ్నీ బలహీనంగా ఉన్నా, డాక్టర్ల చెయ్యి ముందు వెళ్లేది లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ మీదికే.