విమానం మీద అక్షరాలు: వెక్టర్‌లో లివరీ గీసేవాళ్ళ అపోహలు - వాస్తవాలు

లివరీ (విమానానికి వేసే రంగుల, రాతల రూపం) అనగానే అందరి కళ్ళూ రంగుల మీదికి, తోక మీది బొమ్మ మీదికి పోతాయి. అక్షరాల గురించి అడిగేవాళ్ళు తక్కువ. నా పనిలో మాత్రం ఎక్కువ సమయం తినేసేవి అక్షరాలే. ఫ్లైట్ సిమ్యులేటర్లకు రీపెయింట్లు (విమానానికి కొత్త రంగుల రూపం) చేస్తాను, స్కేల్ మోడళ్ళకు డెకాల్స్ (అతికించే బొమ్మలు) గీస్తాను, అసలు విమానాలకు మాస్కింగ్ (పెయింట్ పడకుండా అతికించే పొర) కట్ చేసేవాళ్ళకు ఫైళ్ళు తయారుచేసి ఇస్తాను. మూడిటికీ మొదలు ఒకటే: ఇంక్‌స్కేప్, ఇలస్ట్రేటర్, కోరల్‌డ్రా లాంటి ఏదో ఒక వెక్టర్ సాఫ్ట్‌వేర్, అంటే బొమ్మను పిక్సెల్స్‌గా కాకుండా గీతల లెక్కగా దాచేది. కొత్తగా వచ్చేవాళ్ళు టూల్స్ బాగానే నేర్చుకుని వస్తున్నారు. చిక్కంతా ఆ అక్షరం చివరికి ఎక్కడ కూర్చుంటుందో ఆలోచించకుండా గీయడంలోనే ఉంది. అది కూర్చునేది గుండ్రటి ఒంటి మీద, దానికి రెండు పక్కలున్నాయి, మధ్యలో కిటికీలూ తలుపులూ ఉన్నాయి.

అపోహ: ఎడమ పక్క గీసేసి, కుడి పక్కకు అద్దంలో బొమ్మలా తిప్పేస్తే సరిపోతుంది.

అక్షరాలు తిరగబడతాయని అందరికీ తెలుసు కాబట్టి పేరును మాత్రం మళ్ళీ మామూలుగా పెట్టి, పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

విమానం ఎడమ పక్కన నిలబడి చూస్తే ముక్కు మన ఎడమ చేతి వైపు ఉంటుంది. కుడి పక్కకు వెళ్తే ముక్కు మన కుడి చేతి వైపు. మనం చదివేది ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే. అంటే ఎడమ పక్కన పేరు ముక్కు దగ్గర మొదలై తోక వైపు పోతుంది, కుడి పక్కన తోక వైపు మొదలై ముక్కు దగ్గర ముగుస్తుంది. దీనివల్ల మూడు సంగతులు మారిపోతాయి.

మొదటిది వాలు. ఇటాలిక్ అక్షరాలు కుడికి వాలుతాయి. కుడి పక్కన ఆ వాలు ముక్కు వైపుకు, అంటే విమానం పోయే దిక్కుకు ఉంటుంది కాబట్టి వేగం కనిపిస్తుంది. ఎడమ పక్కన అదే వాలు తోక వైపుకు పోతుంది. కొందరు ఎడమ పక్కన అక్షరాలను వెనక్కి వాల్చి సరిచేయబోతారు. అలా చేస్తే దిక్కు కుదురుతుంది గానీ పదం చదవడానికి ఇబ్బంది పెడుతుంది, అక్షరాలు పడిపోతున్నట్టుంటాయి. నిటారు అక్షరాలు పెట్టి, వేగాన్ని వాటి కింద పోయే చారకు అప్పగించడం నాకు నచ్చే దారి.

రెండోది స్థానం. ఎడమ పక్కన పేరు ముందు తలుపు వెనకాల మొదలైతే, కుడి పక్కన పేరులోని చివరి అక్షరం ముందు తలుపు వెనకాల ఆగాలి. అంటే ఒక పక్క టెక్స్ట్ అలైన్‌మెంట్ ఎడమకు, ఇంకో పక్క కుడికి. దీన్ని మరిచి రెండు పక్కలా ఎడమ అలైన్‌మెంట్‌తోనే వదిలేస్తే, తర్వాత పేరులో ఒక అక్షరం చేరినా తగ్గినా ఒక పక్క మాత్రమే జరుగుతుంది.

మూడోది నీడలు, గ్రేడియంట్లు. కిందికి, కుడికి పడే డ్రాప్ షాడో ఎడమ పక్కన తోక వైపు పోతుంది, కుడి పక్కన ముక్కు వైపు వస్తుంది. ఒకే విమానానికి రెండు దిక్కుల నీడలు! అందుకే నేను అక్షరాలను ఒక లేయర్‌లో, ఎఫెక్టులను ఇంకో లేయర్‌లో ఉంచి, దిక్కులను పేజీని బట్టి కాకుండా ముక్కును బట్టి నిర్ణయిస్తాను. నీడ తిరగాలి, అక్షరం తిరగకూడదు. తోక మీద పక్షి ఉంటే అది రెండు పక్కలా ముందుకే చూడాలి, దాని కింద రాత ఉంటే ఆ రాత తిరగకూడదు. అమెరికా విమానాల కుడి పక్కన జెండాలో నక్షత్రాలు కుడి వైపున కనిపించేది కూడా ఈ కారణంగానే. జెండా గాలిలో ముందుకు సాగుతున్నట్టుండాలి కదా.

సిమ్యులేటర్ వాళ్ళకు ఒక మాట. కొన్ని మోడళ్ళలో రెండు పక్కలకూ ఒకే టెక్స్చర్‌ను (మోడల్ మీద పరిచే చిత్రాన్ని) మడిచి వాడతారు. అక్కడ మీరేం చేసినా ఒక పక్క పేరు తిరగబడే వస్తుంది. గీయడం మొదలుపెట్టే ముందే యూవీ మ్యాప్ (ఆ చిత్రంలోని ఏ ముక్క మోడల్ మీద ఎక్కడ పడుతుందో చూపేది) తెరిచి చూడండి.

అపోహ: సైడ్ వ్యూ డ్రాయింగ్‌లో అందంగా ఉంటే విమానం మీదా అలాగే ఉంటుంది.

సైడ్ వ్యూ చదును. విమానం ఒళ్ళు చదును కాదు. చిన్న లెక్క చూద్దాం. ఏ320 తరహా విమానం ఒళ్ళు దాదాపు 4 మీటర్ల వ్యాసం ఉంటుంది, అంటే వ్యాసార్ధం 2 మీటర్లు. ఒంటి చుట్టూ టేపు పెట్టి కొలిస్తే 1 మీటరు ఎత్తున్న అక్షరాన్ని, ఒంటి పక్కన సరిగ్గా సగం ఎత్తులో పోయే మధ్య గీత నుంచి 20 డిగ్రీల పైన మొదలుపెట్టామనుకోండి. అది సుమారు 49 డిగ్రీల దగ్గర ముగుస్తుంది. దూరంగా, తిన్నగా పక్క నుంచి చూసేవాడికి ఆ మీటరు అక్షరం దాదాపు 82 సెంటీమీటర్లే కనిపిస్తుంది. పైగా నష్టం అంతటా సమానంగా ఉండదు: కింది సగం 44 సెంటీమీటర్లు కనిపిస్తే పై సగం 37 సెంటీమీటర్లే కనిపిస్తుంది. నేల మీద నిలబడి తలెత్తి చూసేవాడికి పై భాగం ఇంకా కుంచించుకుపోతుంది.

అంటే ఇంగ్లీషు 'ఈ' (E) అక్షరంలో సరిగ్గా మధ్యలో పెట్టిన అడ్డగీత పైకి జరిగినట్టు, 'ఎస్' పై గుండ్రం నొక్కుకుపోయినట్టు కనిపిస్తాయి. దీనికి మందు రెండు రకాలు. అక్షరాలను మధ్య గీతకు దగ్గరగా దించడం మొదటిది, అయితే కిటికీలు అడ్డొస్తాయి. పై సగాన్ని ఎన్వలప్ డిఫార్మేషన్‌తో (ఆకారాన్ని చట్రంలో పెట్టి వంచే టూల్‌తో) కొద్దిగా సాగదీయడం రెండోది. సాగదీసినప్పుడు అడ్డగీతల మందం కూడా మారుతుంది కాబట్టి తర్వాత నోడ్‌లు (గీతను నిలిపే బిందువులు) పట్టుకుని చేత్తో సరిచేయాలి. ఈ ఓపిక పట్టేవాళ్ళ పని దూరం నుంచే తెలిసిపోతుంది.

సిమ్యులేటర్‌లో అయితే యూవీని బట్టి ఉంటుంది. కొన్ని మోడళ్ళు ఒంటిని చుట్టు కొలతతో విప్పుతాయి, కొన్ని పక్క నుంచి తిన్నగా ప్రొజెక్ట్ చేస్తాయి. ముందుగా వృత్తాలు, చతురస్రాలు నింపిన పరీక్ష టెక్స్చర్ ఎక్కించి చూడండి. వృత్తం ఎక్కడ కోడిగుడ్డు ఆకారానికి మారుతోందో అక్కడ అక్షరం కూడా అలాగే మారుతుంది. ముక్కు దగ్గర ఒళ్ళు రెండు దిక్కులా వంగుతుంది, అక్కడ సరళరేఖ కూడా వంకర పోతుంది. పేరును అక్కడిదాకా తీసుకెళ్ళకపోవడమే మేలు.

అపోహ: వెక్టర్ కదా, ఎంత పెద్దది చేసినా ఏమీ కాదు.

పిక్సెల్స్ పగలవు, నిజమే. కానీ తప్పు కూడా అదే లెక్కన పెరుగుతుంది. ఏ320 పొడవు 37.57 మీటర్లు. ఇలస్ట్రేటర్‌లో మామూలు ఆర్ట్‌బోర్డ్ గరిష్ఠంగా 5.78 మీటర్ల దగ్గర ఆగుతుంది కాబట్టి చాలామంది 1:10లోనో 1:20లోనో పనిచేస్తారు. 1:20లో అర మిల్లీమీటరు గుబ్బ విమానం మీద సెంటీమీటరు అవుతుంది. స్క్రీన్ మీద కనబడని ఆ గుబ్బ మెరిసే పెయింట్ మీద స్పష్టంగా కనిపిస్తుంది.

గుబ్బలు ఎక్కువగా పుట్టేది ఆటో ట్రేస్ వల్ల. ఫొటో నుంచి లోగోను ట్రేస్ చేస్తే ఒక 'ఓ' (O) అక్షరానికి పదుల కొద్దీ నోడ్‌లు వస్తాయి. నిజానికి నాలుగు చాలు: పైన, కింద, ఎడమ, కుడి కొసల్లో ఒక్కొక్కటి. వృత్తానికైతే హ్యాండిల్ (నోడ్ నుంచి వంపును లాగే పిడి) పొడవు వ్యాసార్ధంలో 0.5523 వంతు పెడితే, అసలు వృత్తానికీ దీనికీ తేడా 0.03 శాతం కూడా ఉండదు. ట్రేస్ చేసినదాన్ని కింద పెట్టుకుని, పైన తక్కువ నోడ్‌లతో చేత్తో గీసుకోండి.

అపోహ: ఔట్‌లైన్ కావాలంటే స్ట్రోక్ ఇస్తే చాలు.

స్ట్రోక్ (గీత మందం) పాత్‌కు, అంటే అక్షరం అంచు గీతకు, అటు సగం, ఇటు సగం పడుతుంది. లోపలి సగం అక్షరాన్ని తినేస్తుంది, సన్నని అక్షరాలు చిక్కిపోతాయి. స్కేల్ మార్చినప్పుడు స్ట్రోక్ కూడా మారాలన్న సెట్టింగ్ ఆఫ్‌లో ఉంటే అక్షరం పెరుగుతుంది, ఔట్‌లైన్ అలాగే ఉండిపోతుంది. ఇక కట్టింగ్ ప్లాటర్‌కు (మాస్కింగ్ పొరను కోసే యంత్రానికి) స్ట్రోక్ మందం పట్టదు, అది పాత్ వెంటే బ్లేడు నడుపుతుంది. కాబట్టి ఆఫ్‌సెట్ పాత్ చేసి (అంచును బయటికి జరిపిన కొత్త గీత తీసి), అక్షరం వెనకాల వేరే ఆకారంగా పెట్టండి.

'ఏ', 'ఎమ్', 'వీ', 'డబ్ల్యూ' లాంటి కోసు అక్షరాల మొనల దగ్గర ముల్లు పొడుచుకొస్తే అది మైటర్ లిమిట్ (మొన ఎంత దూరం పొడుచుకురావచ్చో చెప్పే హద్దు) సంగతి. ఎస్‌వీజీ వెక్టర్ ఫైళ్ళలో డిఫాల్ట్ 4. అది దాటితే మొన ఒక్కసారిగా మొండి అవుతుంది, అందుకే ఒకే పదంలో ఒక అక్షరం మొన వాడిగా, పక్కది మొండిగా వస్తుంటుంది. అన్ని మొనలనూ ఒకే తీరుకు తేవడం మీ పని, సాఫ్ట్‌వేర్‌ది కాదు. చేతిరాత తరహా ఫాంట్లలో అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. యూనియన్ చేయకుండా (ఒకే ఆకారంగా కలపకుండా) పంపితే ప్లాటర్ ఆ అతుకులన్నిటినీ కోసేస్తుంది.

అపోహ: క్రోమ్, ఎంబాస్, గ్లో వేస్తే నిజమైన లోహంలా ఉంటుంది.

స్క్రీన్ మీద చదునుగా ఉన్నంతసేపే. విమానానికి వెలుగు ఆకాశం నుంచి వస్తుంది. అక్షరంలో మీరు గీసిన మెరుపు, విమానం మలుపు తిరిగినా అక్కడే అతుక్కుని ఉంటుంది, కంటికి వెంటనే తెలిసిపోతుంది. ఇప్పటి సిమ్యులేటర్లలో రంగు వేరు, లోహ గుణం వేరు, నునుపు వేరు టెక్స్చర్లలో ఉంటాయి. వెండి అక్షరాలు కావాలంటే రంగులో ఒకే బూడిద ఛాయ నింపి, అదే పాత్‌ను మెటాలిక్ మ్యాప్‌లోకి ఎగుమతి చేయండి. ఒకే వెక్టర్ నుంచి రెండు మ్యాపులూ తీస్తే అంచులు చుక్క తేడా లేకుండా సరిపోతాయి. ఈ పనికి వెక్టర్‌ను మించింది లేదు.

అసలు విమానం మీద ఒక్కో రంగుకు ఒక్కోసారి మాస్కింగ్ చేసి పెయింట్ కొట్టాలి, ఎండే దాకా ఆగాలి. గ్రేడియంట్ కావాలంటే స్ప్రేతో కలపాలి, లేదా ముద్రించిన ఫిల్మ్ అతికించాలి, లేదా చిన్నవవుతూ పోయే చుక్కలతో భ్రమ కల్పించాలి. ఆ చుక్కల వరసను బ్లెండ్ టూల్‌తో చేయవచ్చు. ముక్కు మీది రేడోమ్ (రేడార్ కప్పు) వెనక వాతావరణ రేడార్ ఉంటుంది, లోహపు పొడి కలిసిన పెయింట్ అక్కడ పనికిరాదు.

అపోహ: వెక్టర్‌లో గీస్తే సిమ్యులేటర్‌లో అంచులు పదునుగా వస్తాయి.

చివరికి అది పిక్సెల్సే. 37.57 మీటర్ల ఒంటిని 4096 పిక్సెళ్ళ వెడల్పులో పరిస్తే మీటరుకు 109 పిక్సెల్స్, అంటే ఒక్కో పిక్సెల్ 9 మిల్లీమీటర్ల పైమాట. 30 సెంటీమీటర్ల రిజిస్ట్రేషన్‌కు (విమానం నమోదు అక్షరాలకు) 33 పిక్సెల్స్ దొరుకుతాయి. తలుపు పక్కన 2 సెంటీమీటర్ల హెచ్చరిక రాతకు రెండే, అది చదవడానికి రాదు. చిన్న రాతలకు విడిగా డెకాల్ టెక్స్చర్ ఉన్న మోడల్ వెతుక్కోవాలి.

దీని పైన డీడీఎస్ (సిమ్యులేటర్ టెక్స్చర్ ఫైలు రకం) కుదింపు. పాత డీఎక్స్‌టీ పద్ధతులు చిత్రాన్ని 4×4 పిక్సెళ్ళ గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడికి రెండు రంగులే దాచి, మధ్య ఛాయలను వాటి నుంచే లెక్కగడతాయి. నీలం నేపథ్యం మీద తెల్ల అంచున్న ఎర్ర అక్షరం అంటే ఒకే గడిలో మూడు రంగులు పడ్డట్టు. అంచు మురికిగా వచ్చేది అందుకే. కొత్త బీసీ7 పద్ధతి చాలా నయం. ఏదైనా సరే, అడ్డగీతలను పిక్సెల్ గ్రిడ్‌కు కూర్చండి, ఔట్‌లైన్ రెండు మూడు పిక్సెళ్ళకు తగ్గకుండా చూడండి. దూరం పోయేకొద్దీ మిప్‌మ్యాప్‌లు (టెక్స్చర్‌కు చిన్నవి చేసిన ప్రతులు) సైజును సగం చేసుకుంటూ పోతాయి, ఒక పిక్సెల్ గీత మొదటి మెట్టులోనే మాయమవుతుంది.

అపోహ: విమానాలకు సెరిఫ్ (అక్షరాల గీతల కొసల్లో చిన్న అలంకార గీత) లేని లావు ఫాంటే నప్పుతుంది.

డిజైనర్ మాసిమో విన్యెల్లి 1967లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు సెరిఫ్ లేని హెల్వెటికా ఫాంట్‌తో చేసిన పని చూసి ఈ నమ్మకం బలపడి ఉండొచ్చు. కానీ 1962లో డిజైనర్ రేమండ్ లోవీ రూపుదిద్దిన అమెరికా అధ్యక్షుడి బోయింగ్ 707 చూడండి. కాజ్లన్ అనే ఫాంట్ తరహా సెరిఫ్ పెద్దక్షరాలు, వాటి మధ్య ధారాళమైన ఖాళీలు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ విమానానికున్న హుందాతనంలో ఆ ఖాళీల వాటా పెద్దది. ఏటవాలుగా చూసినప్పుడు అక్షరాలూ ఖాళీలూ కుంచించుకుపోతాయి కాబట్టి స్పేసింగ్ ఫాంట్ ఇచ్చినదానికంటే కాస్త వదులుగా ఉండాలన్నది నా అభిప్రాయం.

అపోహ: కిటికీలు, తలుపులు పెయింటర్ చూసుకుంటాడు.

అక్షరం ఏ కిటికీ మీద పడుతుందో డ్రాయింగ్‌లోనే తేలాలి. 'ఐ' (I) లాంటి సన్నని అక్షరం సరిగ్గా కిటికీల మీద పడితే సగం మాయమవుతుంది. అక్షరంలోంచి కిటికీని కోసేయకండి, విడిగా మాస్క్ లేయర్ పెట్టండి, పేరు జరిపినప్పుడు మళ్ళీ పని పడదు. అమెరికా రవాణా విమానాల నిబంధన 25.811 ప్రకారం బయటి నుంచి తెరవాల్సిన అత్యవసర ద్వారం చుట్టూ 2 అంగుళాల రంగు పట్టీ ఉండాలి, అది చుట్టూ ఉన్న రంగు నుంచి స్పష్టంగా వేరుపడాలి. ముదురు అక్షరం తలుపును దాటుతుంటే అక్కడ పట్టీ రంగు మార్చాల్సి రావచ్చు. సిమ్యులేటర్ రీపెయింట్లలో ఎక్కువగా మరిచేది ఇదే.

అపోహ: రిజిస్ట్రేషన్ అక్షరాలకు ఏ ఫాంటైనా ఒకటే.

ఐసీఏఓ (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) 7వ అనుబంధం దీన్ని కొలతలతో సహా చెబుతుంది. ఒంటి మీద, నిలువు తోక మీద కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తు, రెక్కల మీద కనీసం 50. అలంకారం లేని పెద్ద రోమన్ అక్షరాలు. వెడల్పు ఎత్తులో మూడింట రెండు వంతులు ('ఐ', 1 అంకె మినహా), గీత మందం ఎత్తులో ఆరో వంతు, అక్షరాల మధ్య ఖాళీ వెడల్పులో నాలుగో వంతుకు తగ్గకూడదు. ఏ దేశంలో నమోదైతే ఆ దేశం నిబంధనలు దీనికి తోడు.

ఈ లెక్కల్లో ఒక సొగసుంది. ఎత్తును 6 గళ్ళు అనుకుంటే వెడల్పు 4 గళ్ళు, గీత 1 గడి, కనీస ఖాళీ కూడా 1 గడే. గ్రిడ్ ఆన్ చేసి, స్నాప్ పెట్టి గీస్తే కొలతలు వాటంతటవే కుదురుతాయి. 30 సెంటీమీటర్లకు ఒక గడి 5 సెంటీమీటర్లు. ఏరియల్ బోల్డ్ లాంటి ఫాంట్లలో ఒక్కో అక్షరం వెడల్పు ఒక్కోలా, 'డబ్ల్యూ' అయితే 'ఈ' కంటే బాగా వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఈ గళ్ళలో ఇమడవు.

అపోహ: రాతను కర్వ్స్‌గా (గీతల ఆకారాలుగా) మార్చి పంపితే ఇక భయం లేదు.

మార్చే తీరాలి, ముఖ్యంగా తెలుగు రాతను. వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చడం అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకేలా చేయవు, అవతలి కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలు విడిపోవచ్చు. తెలుగు పేరు పెట్టేటప్పుడు వత్తులకు బేస్‌లైన్ కింద చోటు కావాలి, ఆ చోటు సరిగ్గా కిటికీల వరస పైకే వస్తుంది. పేరును ఆ మేరకు పైకి జరపాలి, పైకి జరిపితే పైన చెప్పిన వంపు లెక్క మళ్ళీ వేయాలి.

కర్వ్స్‌గా మార్చాక మాత్రం అది రాత కాదు, ఆకారాల గుంపు. ఒకటి చెరిగిపోయినా ఏ స్పెల్‌చెక్కూ పట్టుకోదు. 2018 సెప్టెంబరులో కాథే పసిఫిక్ వారి బోయింగ్ 777 ఒకటి 'పసిఫిక్'లో ఎఫ్ అక్షరం లేకుండా పెయింట్ షాపు నుంచి బయటికొచ్చింది. ఆ సంగతి కంపెనీయే స్వయంగా లోకానికి చెప్పింది. మీటరు పైన ఎత్తున్న అక్షరాన్ని దగ్గర నిలబడి చూసేవాళ్ళకు పదం కనబడదు, ఒక్కో అక్షరమే కనబడుతుంది.

కాబట్టి టెక్స్ట్ ఉన్న అసలు ఫైలు వేరుగా దాచండి. కర్వ్స్ ఫైలును చిన్నగా, రెండు పక్కలదీ ఒకే కాగితం మీద ప్రింట్ తీయండి. ఈ పనితో సంబంధం లేని మనిషి చేతికిచ్చి, చివరి అక్షరం నుంచి మొదటి అక్షరానికి ఒక్కొక్కటే బయటికి చదవమనండి. రిజిస్ట్రేషన్‌ను రెండు పక్కలా, రెక్క మీదా పక్కపక్కన పెట్టి పోల్చండి. ఆ ప్రింట్ మీద సంతకం పడ్డాకే ఫైలు కట్టింగ్‌కు పోవాలి.