వంకర దోసకాయకు ఏం తక్కువైంది?

కీర దోసకాయల్లో కొన్ని ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నగా ఉంటాయి. కొన్నింటికి నడుమ నొక్కేసినట్టు ఉంటుంది. నీటి ఎద్దడికీ అలా కావచ్చు. కానీ చాలాసార్లు అసలు లోపం పువ్వు విచ్చిన రోజే జరిగిపోయి ఉంటుంది. ఆ రోజు తేనెటీగలు సరిపడా రాలేదన్నమాట.

దోస తీగకు మగ పువ్వులు వేరు, ఆడ పువ్వులు వేరు. ఆడ పువ్వు కింద చిట్టి పిందె ముందే ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం తేలికే. పుప్పొడి జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు. దాన్ని ఎవరో ఒకరు మోసుకురావాల్సిందే. అందుకు పువ్వు ఇచ్చే గడువు ఒక్క రోజు, అందులోనూ ముఖ్యంగా ఉదయం పూట. ఈగ ఒకసారి వాలి వెళ్తే సరిపోదు, ఒక్కో పువ్వుకు పదిసార్లైనా రావాలంటారు.

అన్నిసార్లు ఎందుకంటే, పిందె లోపల వందల అండాలుంటాయి. ప్రతి అండానికీ విడిగా ఒక పుప్పొడి రేణువు కావాలి. ఆడ పువ్వు నడుమ పుప్పొడిని పట్టుకునే కీలాగ్రం మీద పడిన రేణువు నుంచి సన్నటి గొట్టం మొలిచి అండం దాకా దిగుతుంది. అప్పుడు కట్టే లేత విత్తనం ఆక్సిన్ లాంటి హార్మోన్లను వదులుతుంది. చుట్టూ ఉన్న కండ ఊరేది వాటి వల్లే. అనుమానముంటే వంకర కాయను నిలువునా కోసి చూడండి, సన్నబడ్డ చోట తరచుగా తాలు గింజలే కనిపిస్తాయి. అసలేమీ కట్టకపోతే పిందె పసుపెక్కి రాలిపోతుంది. ఈగలు రాని చోట కొందరు మగ పువ్వు కోసి, రేకలు తీసేసి, ఆడ పువ్వుకు తామే అద్దుతారు. ఓపికుంటే బాగానే పనిచేస్తుంది.

గ్రీన్‌హౌసుల్లో పెంచే గింజల్లేని కీర రకాల తీరు మాత్రం తలకిందులు. వాటికి పరాగ సంపర్కమే అక్కర్లేదు, కాయ తనంతట తానే ఊరుతుంది. పైగా తేనెటీగ లోపలికొస్తే టెన్షన్! గింజలు కట్టి కాయ ఒకచోట ఉబ్బిపోతుంది. అందుకే వలలు కట్టి వాటిని బయటే ఆపుతారు.

దోస కుటుంబంలోనే పువ్వులు విచ్చే వేళలూ మారతాయి. గుమ్మడి పువ్వు తెల్లవారుతూనే విచ్చి మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. సొర, బీర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి. తెల్లటి సొర పువ్వుల మీదికి రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులొస్తాయి. పురుగుమందు సాయంత్రం కొట్టండి, అప్పటికి తేనెటీగలు గూటికి చేరతాయి అని చెబుతుంటారు. దోసకూ గుమ్మడికీ అది మంచి సలహానే. అదే వేళకు సొర పందిరి మీద కొడితే, పుప్పొడి మోసే పురుగులు వచ్చేసరికి పువ్వుల మీద మందు ఇంకా తడిగానే ఉంటుంది.