ఒండ్రు పెరిగితే వాన పెరిగినట్టేనా?

అపోహ: సముద్రం అడుగున ఒండ్రు మందంగా పేరుకుంటే, ఆ కాలంలో వానలు దండిగా పడ్డట్టే.

వాస్తవం: సముద్రం అడుగు మట్టిలో పాతకాలపు వానల జాడ వెతికే నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. వాన వస్తే వరద, వరదొస్తే మట్టి, సబబుగానే ఉంది. గోదావరి సముద్రంలో కలిసేచోటికి ఎదురుగా, బంగాళాఖాతం అడుగు నుంచి గొట్టంతో తీసిన మట్టి మాత్రం ఇందుకు అడ్డం తిరిగింది. ఆకుల మీది మైనం ఆ మట్టిలో వేల ఏళ్లయినా చెడకుండా ఉంటుంది. అందులోని కార్బన్ ఐసోటోపులను (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులను) చూస్తే, సుమారు 4,000 ఏళ్ల కిందట మొదలుకొని గోదావరి పరివాహక ప్రాంతం ఎండుతూ వచ్చిందని, ఎండకు ఓర్చుకునే గడ్డి జాతుల వాటా పెరిగిందని తెలుస్తోంది. వాన తగ్గింది కదా, మట్టి రాకా తగ్గాలి. తగ్గలేదు, పెరిగింది! పచ్చదనం పలచబడ్డ నేలను చిన్న వాన కూడా కోసుకుపోతుంది. ఆ తర్వాత దక్కన్‌లో సేద్యం విస్తరించి కోతను ఇంకా పెంచింది. గట్టు తెగిన చేను చూసిన రైతుకు ఇది చెప్పనక్కర్లేదు.

అపోహ: పొరలు లెక్కపెట్టి ఏ ఏడు కరువో చెప్పేయవచ్చు.

వాస్తవం: 1876-78 నాటి ధాత కరువును చూపించమంటే చాలా కోర్లలో, అంటే గొట్టంతో తీసిన మట్టి కడ్డీల్లో, చూపలేం. అడుగున పురుగులు మట్టిని కలియబెడుతూనే ఉంటాయి. నదులకు దూరంగా, నడిసముద్రంలో వెయ్యేళ్లకు పేరుకునేది కొన్ని సెంటీమీటర్లే.

అపోహ: అరేబియా సముద్రం చెప్పినా, బంగాళాఖాతం చెప్పినా ఒకటే.

వాస్తవం: ఒమన్ తీరపు మట్టిలో గ్లోబిజెరినా బుల్లాయిడిస్ అనే సముద్రపు ఏకకణ జీవి గుల్లలు పెరిగితే, నైరుతి గాలులు బలంగా వీచి లోపలి చల్లని నీటిని పైకి తెచ్చాయని అర్థం. అది గాలి కబురు. తెలంగాణలో చెరువులు నిండాయో లేదో అది చెప్పదు.

అపోహ: యంత్రంలో మట్టి వేస్తే వర్షపాతం మిల్లీమీటర్లలో వస్తుంది.

వాస్తవం: మట్టిని 63 మైక్రాన్ల జల్లెడలో కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద తడి కుంచె మొనతో ఇసుక రేణువంత గుల్లలను ఒక్కొక్కటే ఏరాలి. మే నెలలోనూ ఆ బల్ల దగ్గర ఫ్యాను వేయం. తుమ్మితే ఆ పూట పని గాలిలో కలిసినట్టే. ఇంతా చేస్తే, గుల్లలోని ఆక్సిజన్ ఐసోటోపులు నీటి వేడిమికీ మారతాయి, నీటిలో కలిసిన మంచినీటికీ మారతాయి. అందుకే మెగ్నీషియం, కాల్షియం నిష్పత్తితో వేడిమి లెక్క విడిగా కట్టి తీసేస్తాం. మిగిలినదాన్ని బట్టి సముద్రం ఎంత ఉప్పగా ఉండేదో అంచనా వేస్తాం. మిల్లీమీటర్లు అడిగేవారికి నేను ఇవ్వగలిగింది ఆ ఉప్పదనమే.